ముప్పై ఏడు

హనుమకొండ చౌరస్తా వెనుక
జిరాక్సు వేడి తగిలే మెట్ల కింద నా కంప్యూటరు.
పెండ్లి కార్డులు, కిరాయి కాయితాలు, దశదిన కర్మలు
అన్నీ ఒక్క కీబోర్డు మీదనే కొడత.
కొన్ని అక్షరాలు అరిగిపోయినయి. వేళ్లకు ఎరుక.

పగటీలి కుసుమ ఓదెలు వచ్చిండు.
ఎరువుల దుకాణం సంచిల నుంచి
నాలుగు మడతల కాయితం తీసిండు.
మిల్లుల రెండో షిఫ్టు జేసినోళ్ల పేర్లు.
"ఐతారం అందరం కలుస్తున్నం బిడ్డా.
ఒక్క పేజీల రావాలె. రెండు దిక్కుల సమంగ."

కొట్టిన. రెండు కాలమ్‌లు పెట్టిన.
ఎడమది ముప్పై ఏడు పేర్లూ మింగి కూసున్నది.
కుడిది తెల్లగ, వడ్డించని ఇస్తారి.

"ఇదేంది, అందరు ఒక్క దిక్కే ఎక్కిన్రు,
బస్సు ఒరుగుతది."

దాని బుద్ధి అంతే పెద్దయ్యా.
కింద జాగ ఉన్నంతసేపు పక్కకు చూడదు.
అయిపోయింది, ఇక్కడనే ఆగు,
కొత్త పేజీకి ఉరుకకు అని
చివరి పేరు కింద ఒక బ్రేకు ఏసి చెప్పాలె.
అప్పుడు ఎనుకకు మళ్లి పంచుతది.

నాకూ మొదట్ల తెల్వదు.
ఎంటర్ కొట్టి కొట్టి పేర్లను పక్కకు నూకేదాన్ని.
తర్వాత ఎవరో ఒక్క పేరు కొట్టేయమంటే
పెండ్లికొడుకు మేనమామ పోయి
పిల్ల తరఫున పడేటోడు.

బ్రేకు ఏసిన.
ఇటు పంతొమ్మిది, అటు పద్దెనిమిది.
అద్దాలు నెత్తి మీదికి జరిపి
తెర మీద వేలు పెట్టి లెక్కబెట్టిండు ఓదెలు.
ఒక్కో పేరు మీద ఒక్కో మరక.
"ఒకటి తక్కువున్నది."

బేసి గదా. ఎవరినన్న సగం కోయాలె.
లేకుంటే కుడి దిక్కు గీతల నడుమ సందు పెంచుత,
జర దూరం దూరం కూసుంటరు,
అడుగులు కలుస్తయి.

"వద్దొద్దు. సైజింగుల ముప్పై ఏండ్లు జేసిన.
సాగదీసిన పోగు
మగ్గం ఎక్కినంక తెగుతది."

ఫ్యాను తిరుగుతున్నది.
"గుడాలామె ఉండె" అన్నడు.

గేటు కాడ, సత్తు గిన్నె.
గుడాలు, ఉల్లిగడ్డ, మీద ఒక ఎండు మిరపకాయ.
సైరన్ కన్న ముందు ఆమె కేక ఇనపడేదట.
ఉద్దెర పెట్టేది. ఇంటి గోడకు బొగ్గు గీతలు.
"బందైన నాడు నాయి పదకొండుండె.
ఇచ్చిన్నా… యాదికి లేదు."

పేరు చెప్పున్రి, కొడత.

నలుగురికి ఫోను జేసిండు.
ఒకాయన మల్లక్క అన్నడు.
ఇంకొకాయన, కాదు, మల్లక్క ఆమె బిడ్డ అన్నడు.
కాజీపేటాయనకు చెవులు తక్కువ,
"గుడాలా? ఎక్కడ దొరుకుతున్నయిరా?"
నాలుగో ఫోను ఎత్తలేదు.

గుడాలామె అనే కొట్టాల్నా?

"అందరిని ఇంటిపేరుతోని కొడితివి.
ఆమెను గిన్నెతోనా."

వాచ్‌మన్ దస్తగిరి పేరు కింద కర్సరు పెట్టి
ఎంటర్ కొట్టిన. ఒక్కసారే.
వరుసంతా ఒక మెట్టు దిగింది.
ఎడమ అడుగున ఉన్న కుసుమ ఓదెలు
కుడి దిక్కు తలకు ఎక్కిండు.
చూసిండో లేదో, ఏమనలేదు.
పంతొమ్మిది, పంతొమ్మిది.

దాచిన గుర్తులు చూపిచ్చే బటన్ ఒత్తితే
దస్తగిరి కింద
వీపు తిప్పి నిలబడ్డట్టు ఒక గుర్తు.
మళ్ల ఒత్తితే అదీ లేదు.
ప్రింటుకు రాదు. ఫైల్ల ఉంటది.

సంచి సదురుకొని ఆయన చాయకు పోయిండు.
జిరాక్సు కాడి పిలగాడు కాయితం ఎత్తి
వెలుతురుకు పట్టిండు.
"అక్కా, నడుమ ఒక గీత ఖాళీ పడ్డది.
మళ్ల తీస్తవా?"

వద్దు.
అట్లనే నలభై కొట్టు.